ఏడో గడి

గేజి కర్ర మీద నీటిని చదవడం నా పని.
ఎదుర్లంక రేవులో, పొద్దున్న ఆరింటికి, మళ్లీ సాయంత్రం ఆరింటికి.
వరదొస్తే గంటగంటకీ.
పోటు మీదుందా, పాటు మీదుందా, పక్కన రాసుకుని
అంకె ఫోన్లో చెప్తాను.
అవతల వినే గొంతులు మారుతుంటాయి,
"సరే" అనే మాట మారదు.

రిజిస్టరులో ఏడు గళ్లు.
ధవళేశ్వరం వాళ్లు వదిలిన నీటి లెక్క ఏడోదాంట్లో వెయ్యాలి.
దాని నెత్తిన అచ్చులో ఉంటుంది:
సముద్రంలోకి వృథా.
ఇరవై రెండేళ్లుగా నింపుతున్నాను.
ఒక్కసారీ ఆ మాట పైకి చదవలేదు.

పోయిన కార్తీకంలో
పాత ఒప్పందం తిరగరాస్తారని
పై రాష్ట్రాల వాళ్లు యానాంలో దిగారు.
నన్ను రిజిస్టర్లు మొయ్యడానికి రమ్మన్నారు.
వంతెన దాటితే వేరే ప్రభుత్వం,
పెట్రోలు కాస్త చవక,
నీళ్లు మాత్రం అదే ఉప్పు.

ఒప్పందం నిండా టీఎంసీలు.
ఎవరికెన్ని, ఏ ఆనకట్టకి ఎగువనెంత, దిగువనెంత.
వెనక బల్ల మీద కూర్చుని
నలభై పేజీలూ వెతికాను
చేప అనే మాట కోసం,
మడ అనే మాట కోసం.
బురదైనా లేదు.
ఇన్ని నీళ్లు పంచుకున్న కాగితం
ఒక్క చోటా తడవలేదు.

భోజనాల తర్వాత
జాలర్ల సంఘానికి ఐదు నిమిషాలిచ్చారు.
సంగాడి మాసేనమ్మ లేచింది. మైకు వద్దంది.
కొంగు చాటు నుంచి పాత మందు సీసా తీసి బల్ల మీద పెట్టింది.
"మా పేట చేతిపంపు నీళ్లు బాబూ. ఒక్క గుక్క తాగండి."
ఎవరూ కదల్లేదు.
మరాఠీ ఇంజినీరు, ముసలాయన,
మూతలో పోసుకుని నాలిక తడుపుకున్నాడు.
"మీఠ్" అన్నాడు.
"మీఠానా? తీపా?" మండిపడింది మాసేనమ్మ.
వాళ్ల భాషలో అది ఉప్పేనమ్మా అని
ఎవరో సర్దిచెప్పాక
ఆయన వైపు తిరిగి మాట్లాడింది, ఇంక ఎవరినీ చూడకుండా.

"సముద్రాన్ని అవతలికి నెట్టి ఉంచడానికి
గోదారికి ఓ చెయ్యి కావాలి.
మీరు పైన గేట్లు దించితే ఆ చెయ్యి పడిపోద్ది.
ఎర్రనీటి వాసన తగిల్తేనే
ఇలస ఇటు మొహం తిప్పుద్ది.
ఎదురీది ఎదురీది పులసవుద్ది.
వాసనే లేకపోతే ఏ గుమ్మం అనుకుని వస్తది?
సముద్రంలోకి పోతే వృథా అంటన్నారు.
మా ఆయన నలభయ్యేళ్లుగా సముద్రంలోకే పోతన్నాడు.
ఆయన్నీ ఆ పద్దులోనే రాశారా?"

హాలంతా నవ్వింది.
నవ్వు తొందరగానే ఆగిపోయింది.

సాయంత్రానికి రెండు వాక్యాలు కొత్తగా చేరాయి:
చేపలు ఎగబాకే నెలల్లో గేట్ల కింద ఇంత నీరు,
వేసవిలో మడ అడవికి ఇంత.
"ఇంత" దగ్గర ఖాళీ వదిలారు.
నా గేజి కర్ర తెచ్చి
ఆ ఖాళీలో దింపి చూడాలనిపించింది.

"వృథా తీసేసి ఏం పెట్టమంటారు సార్?"
టైపు కొట్టే కుర్రాడు అడిగాడు.
మిగులు అన్నారొకరు. విడుదల అన్నారొకరు.
అడగాల్సిన మనిషి అప్పటికే లేదు,
పాటు తిరిగే వేళకి వల తియ్యాలని వెళ్లిపోయింది.
సీసా బల్ల మీదే ఉంది.

సంతకాలు ఇంకా రాలేదు.
ఒక రాజధానిలో ఎన్నికలు,
ఒకచోట ఫైలు కనబడ్డం లేదు.
ఈ ఏడు మా రేవుకొచ్చిన పులసలు ఆరు.
లెక్కపెట్టడం నా పని కాదు, లెక్కపెట్టాను.

ఇవాళ పొద్దున్న ఆరింటికి, పాటు మీద,
కర్ర చదివి
ఏడో గడి దగ్గర ఆగాను.
అచ్చు మాటని కొట్టేసే అధికారం నాకు లేదు.
పెన్సిలుతో, చిన్న అక్షరాల్లో,
రుద్దితే పోయేటట్టే,
పక్కన రాశాను:
మాసేనమ్మ వాటా.

తనిఖీకి ఇంకా రెండు నెలలుంది.